టర్బైన్ బేరింగ్ వేడెక్కితే, అరిగితే ముందు ఏం చూడాలి?

పటాన్‌చెరు వైపు ఒక ప్లాంటులో పనిచేసేటప్పుడు మా స్టీమ్ టర్బైన్ ఏడు నెలల్లో రెండు బేరింగులు తినేసింది. రెండుసార్లూ మేం చేసింది ఒకటే: పాతది స్క్రాప్‌లో పడేయడం, కొత్తది వేసి మెషిన్ నడపడం. ఎందుకు పోయిందో ఆ పాత బేరింగ్ మీదే కనిపిస్తోంది, మేం చూడలేదు. ఇంకొకరికి అలా జరగకూడదనే ఇది రాస్తున్నా.

ఈ బేరింగుల్లో బాల్స్ ఉండవు. షాఫ్ట్ తిరుగుతూ ఆయిల్‌ని తనే కిందికి లాక్కుని ఆ పొర మీద తేలుతుంది. పొర మందం కొన్ని పదుల మైక్రాన్లు, అంతే. అది ఉన్నంతసేపు లోహం లోహాన్ని తాకదు కాబట్టి అరుగుదల ఉండదు. అరిగిందంటే పొర ఎక్కడో తెగింది, లేదా రాకూడనిది ఏదో అందులోకి వచ్చింది.

ఎండాకాలంలో టెంపరేచర్ మెల్లగా ఎక్కుతోంది

బేరింగ్ మీద చెయ్యి వేయకండి, ముందు లోపలికి వచ్చే ఆయిల్ ఎంత వేడిగా ఉందో చూడండి. మామూలుగా 40 నుంచి 50 డిగ్రీల మధ్య ఉండాలి. అదీ పెరిగితే తప్పు కూలర్‌ది. మన దగ్గర బోరు నీళ్లు గట్టివి, ట్యూబుల్లో తెల్లగా గార కట్టేస్తుంది, మే నెల ఎండకి కూలింగ్ వాటర్ కూడా వేడెక్కుతుంది, అప్పుడు 40 డిగ్రీల దగ్గర ఉన్న చిక్కదనం 60కి వచ్చేసరికి సగానికి పైగా పడిపోయి, ఆయిల్ పలచబడి పొర సన్నబడుతుంది. ట్యూబులు డీస్కేల్ చేయిస్తే చాలాసార్లు అక్కడితో తీరిపోతుంది.

వచ్చే ఆయిల్ మామూలుగానే ఉండి ఒక్క బేరింగే ఎక్కుతుంటే, దానికి ఆయిల్ ఇచ్చే రంధ్రం మూసుకుపోయిందేమో, అలైన్‌మెంట్ (షాఫ్టులు ఒకే వరుసలో ఉండటం) తప్పి లోడ్ అంతా దాని మీదే పడుతోందేమో చూడాలి.

టెంపరేచర్ ఎక్కుతుంది, ఉన్నట్టుండి పడిపోతుంది, మళ్లీ ఎక్కుతుంది

ట్రెండ్ గ్రాఫ్ రంపం పళ్లలా కనిపిస్తే వార్నిష్‌ని అనుమానించండి. పాతబడిన ఆయిల్ నుంచి వచ్చే జిగురు ప్యాడ్ (షాఫ్ట్‌ని మోసే బేరింగ్ పలక) మీద పేరుకుంటుంది, ఊడిపోతుంది, మళ్లీ పేరుకుంటుంది. చాలామంది సెన్సార్ పాడైందని వదిలేస్తారు, అది పెద్ద పొరపాటు. మామూలు ఫిల్టర్ దీన్ని పట్టలేదు, వార్నిష్ తీసే ప్రత్యేక యూనిట్ పెట్టాలి.

స్పీడులో సగం కంటే కాస్త తక్కువ దగ్గర వైబ్రేషన్

ఉదాహరణకి 9000 ఆర్‌పీఎం అంటే సెకనుకి 150 తిరుగుళ్లు, అంటే 150 హెర్ట్జ్. ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత వైబ్రేషన్ ఉందో చూపే స్పెక్ట్రమ్ గ్రాఫ్‌లో 65 నుంచి 72 హెర్ట్జ్ మధ్య పీక్ లేస్తే అది ఆయిల్ వర్ల్, అంటే పొరే షాఫ్ట్‌ని చుట్టూ తోస్తోంది. అలైన్‌మెంట్ తప్పి ఆ బేరింగ్ మీద లోడ్ తగ్గినా, లోపలి ఆకారం అరిగి మారినా వస్తుంది. ఆయిల్ టెంపరేచర్ కొద్దిగా మారిస్తే తాత్కాలికంగా తగ్గవచ్చు. అలైన్‌మెంట్ సరిచేసినా పోకపోతే టిల్టింగ్ ప్యాడ్ బేరింగ్ (ప్యాడ్లు విడివిడిగా కొద్దిగా వంగే రకం) గురించి ఆలోచించాల్సిందే.

విప్పి చూస్తే వైట్ మెటల్ మసకబారి ఉంది

వైట్ మెటల్ అంటే బేరింగ్ లోపలి మెత్తటి లోహపు పూత. మా కేసు ఇదే. దూరం నుంచి ఇసుకతో రుద్దినట్టు ఉంటుంది, భూతద్దంలో చూస్తే చిన్నచిన్న కరిగిన గుంటలు. తడి ఆవిరి వల్ల రోటర్ మీద స్టాటిక్ చార్జ్ పేరుకుని, భూమిలోకి పోవడానికి పలచటి ఆయిల్ పొరను చీల్చుకుంటూ పోతుంది, పోయినప్పుడల్లా ఒక చుక్క లోహాన్ని కరిగిస్తుంది. దానికి సరైన దారి ఎర్తింగ్ బ్రష్, అంటే షాఫ్ట్‌ని తాకుతూ ఆ చార్జ్‌ని భూమికి పంపే బ్రష్. మూడోసారి విప్పినప్పుడు ఆ బ్రష్ తీసి చూస్తే జిడ్డుపట్టి షాఫ్ట్‌ని తాకడమే లేదు. ఇన్ని లక్షల ఖర్చుకీ, అంతమంది రాత్రిళ్లు మేల్కొన్నందుకూ కారణం ఆ చిన్న బ్రష్! దాన్ని మార్చి, వారానికోసారి షాఫ్ట్ వోల్టేజ్ కొలవడం మొదలుపెట్టాక మళ్లీ బేరింగ్ పోలేదు.

షాఫ్ట్ చుట్టూ గీతలు పడితే ఆయిల్‌లో చెత్త ఉన్నట్టు. లైన్లు ఫ్లష్ చేయండి, గీతలు పడ్డ షాఫ్ట్ మీద కొత్త బేరింగ్ అస్సలు వేయకండి. వైట్ మెటల్ పూసినట్టు జరిగిపోతే అది వైప్ అయినట్టు, ఆయిల్ అందలేదన్నమాట. కరెంటు పోయినప్పుడు బ్యాటరీ మీద నడిచే డీసీ ఆయిల్ పంపు నిజంగా స్టార్ట్ అవుతోందో లేదో పరీక్షించి చూడండి.

విప్పకుండా అరుగుదల తెలియాలంటే వైబ్రేషన్ ప్రోబ్ గ్యాప్ వోల్టేజ్ (ప్రోబ్‌కీ షాఫ్ట్‌కీ మధ్య దూరాన్ని చూపే వోల్టేజ్) చూడండి. మామూలు ప్రోబుల్లో ఒక మిల్లీమీటరుకి 7.87 వోల్టులు, అంటే ఒక వోల్ట్ మారితే షాఫ్ట్ ఆ దిశలో దాదాపు 127 మైక్రాన్లు జరిగినట్టు. బేరింగ్ కొత్తగా వేసిన రోజు, మెషిన్ ఆగి చల్లగా ఉన్నప్పటి రీడింగ్ రాసిపెట్టుకుంటేనే తర్వాత పోల్చుకోగలం. విప్పాల్సి వస్తే మాత్రం హెల్పర్ కాటన్ వేస్ట్ పట్టుకుని తుడవడం మొదలుపెట్టక ముందే, ఆయిల్ మరకలతో సహా నాలుగు వైపులా ఫోటోలు తీయించండి.