మాంసం తినే ఇంట్లో మాంసం మానేయడం ఎలా

మాది భీమవరం దగ్గర ఒక పల్లెటూరు. చుట్టూ చేపల చెరువులు, రొయ్యల చెరువులు, ఆదివారమైతే ఇంట్లో కోడి, గోదారికి ఎర్రనీళ్ళు వచ్చాయంటే పులస ఎక్కడ దొరుకుతుందా అని ఫోన్లు. పుస్తెలమ్మైనా పులస తినాలి అనే చోట పుట్టి, 27 ఏళ్ళ వయసులో ముక్క మానేశాను. తొమ్మిదేళ్ళయింది. పుట్టుకతో శాకాహారులైన వాళ్ళకి నేను రాసేది అక్కర్లేదు, వాళ్ళకి కావాల్సినవన్నీ వాళ్ళ వంటింట్లోనే ఉంటాయి. కేంద్ర ప్రభుత్వం జనన మరణాల లెక్క కోసం చేయించే సర్వే ఒకటుంది, 2014 నాటి ఆ ఎస్‌ఆర్‌ఎస్ సర్వేలో ఆంధ్ర, తెలంగాణ రెండు చోట్లా మాంసం తినేవాళ్ళు 98 శాతం పైనే అని తేలింది కాబట్టి, మనలో ఎవరైనా మానేశారంటే దాదాపు ఎప్పుడూ తినేవాళ్ళ మధ్య కూర్చునే మానేయాలి. ఇది అలాంటి వాళ్ళ కోసం.

మొదలుపెట్టడానికి కార్తీకమాసం కంటే మంచి సమయం లేదు. భక్తి ఉన్నా లేకపోయినా సరే. ఆ నెల ఇంట్లో ఎలాగూ చాలామంది నీచు ముట్టరు, ఎవరూ ఏమీ అడగరు, మీ నాలుకకి నెల రోజులు ఉచితంగా ప్రాక్టీసు దొరుకుతుంది. అసలు పరీక్ష పోలి పాడ్యమి అయిపోయాక, చికెన్ షాపు ముందు క్యూ కట్టిన రోజున. ఆ ఒక్క ఆదివారం ఏం తినాలో ముందే అనుకుని పెట్టుకోండి. నేను అనుకోలేదు, అందుకే ఆ రోజు పప్పుచారు ముందు పెట్టుకుని పక్క గిన్నె వాసన చూస్తూ నరకం అనుభవించాను. గుత్తి వంకాయో, పనసపొట్టు కూరో, మసాలా గట్టిగా పట్టించిన మీల్‌మేకరో, ఏదో ఒకటి కాస్త ఘాటుగా ఉండాలి. మనం మిస్సయ్యేది సగం ముక్క కాదు, అల్లం వెల్లుల్లి, ధనియాలు, లవంగం. అవి కూరగాయలకీ పడతాయి.

ఇంతకంటే ముఖ్యమైన సంగతి ఒకటుంది, దీన్ని ఎవరూ చెప్పరు. మీరు మానేస్తే పని ఎవరికి పెరుగుతుంది? మొదటి ఆరు నెలలు మా అమ్మ రెండు వంటలు చేసింది. నేనేదో గొప్ప పని చేస్తున్నాననుకుంటూ సోఫాలో కూర్చుని తిన్నాను, ఆవిడ మోకాళ్ళ నొప్పులతో రెండో బాండీ తోమింది. జీవాల మీద దయ సరే, అమ్మ మీద ఏది? అని మా అక్క ఒకరోజు మొహం మీదే అనేసింది. అప్పుడు నేర్చుకున్నాను వంట. కాబట్టి మానేసే ముందు ఒక పప్పు, రెండు వేపుళ్ళు, ఒక పులుసు, ఒక మసాలా కూర, ఈ ఐదూ మీ చేత్తో మీరు చేసుకోగలగాలి. ముఖ్యంగా మగవాళ్ళు. పెళ్ళయ్యాక మా ఇంట్లో ఒప్పందం ఏంటంటే, మా ఆవిడ చేపలు తెచ్చుకున్న రోజు నా కూర నేనే చేసుకుంటాను, అన్నం, పెరుగు, పచ్చడి ఉమ్మడి. గొడవ లేదు.

గిన్నెల విషయంలో కూడా మొదట్లో అతి చేశాను. వేరే ప్లేట్లు, వేరే స్పాంజి, ఫ్రిజ్‌లో వేరే అర. ఇంట్లోవాళ్ళకి అది నా అలవాటులా కనిపించలేదు, వాళ్ళని అంటరానివాళ్ళని చేసినట్టు కనిపించింది, వాళ్ళ బాధలో తప్పేం లేదు. ఇప్పుడు నాకంటూ ఒక బాండీ, ఒక గరిటె, అంతే. చేపలు వేయించిన నూనె మాత్రం మళ్ళీ నా కూరలో పోయొద్దని అడుగుతాను.

ఇక వంకాయ కూర సంగతి. మానేసిన రెండో ఏడు పిన్ని వాళ్ళింటికి వెళ్ళాను. "నీకోసం వంకాయ చేశాన్రా, నువ్వు తినవుగా" అంది ప్రేమగా. సగం తిన్నాక పంటి కింద ఏదో కరకరలాడింది, తీసి చూస్తే ఎండురొయ్య తల, రెండు మీసాలతో సహా. పిన్ని దృష్టిలో ఎండురొయ్య నీచు కాదు, ఇంగువలాగా రుచి కోసం వేసేది! నా మొహం మారడం చూసి ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేను చేసిన తెలివితక్కువ పని ఏంటంటే, లేచి వెళ్ళి చెయ్యి కడుక్కోవడం. అలాంటప్పుడు చెయ్యాల్సింది చాలా చిన్నది. ఆ ముక్క పక్కన పెట్టి, పెరుగన్నం కలుపుకుని, "పిన్నీ, ఈసారి రొయ్యలు కూడా వద్దు" అని మామూలుగా చెప్పడం. తెలియక నోట్లో పడినదానితో మీ నియమం ఏమీ కూలిపోదు.

దీన్నుంచి నేర్చుకున్నది అడిగే పద్ధతి. "వెజ్జేనా?" అని అడిగితే గోదావరి జిల్లాల్లో సరైన జవాబు రాదు. "ఎండురొయ్యలు, రొయ్యపొట్టు ఏమైనా వేశారా?" అని పేరు పెట్టి అడగాలి, బీరకాయ, గోంగూర, చింతచిగురు, సొరకాయ ఏది కనిపించినా. తెలంగాణ వైపు పెళ్ళికి వెళ్తే ఇంకో తమాషా: అక్కడ చాలాచోట్ల ఉత్తగా "కూర" అంటే మటనే. "కూర వెయ్యాలా?" అంటే కూరగాయే కదా అని తలూపి, ప్లేటులో వడ్డించాక తెల్లమొహం వేశాను. హోటల్లో అయితే సూప్‌లో చికెన్ స్టాక్ పోశారా, నూడుల్స్‌లో గుడ్డుందా, వెజ్ మంచూరియా, చికెన్ సిక్స్టీఫైవ్ ఒకే నూనెలో వేయిస్తారా, ఈ మూడూ అడగండి. మూడోదానికి నిజం చెప్పే సర్వర్ దొరికితే టిప్ కాస్త ఎక్కువివ్వండి. బఫేలో ముందే వెళ్ళి వడ్డించుకోవాలి, జనం పెరిగాక గరిటెలు అటూ ఇటూ మారిపోతాయి.

తిండి లెక్క గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే నేను దెబ్బ తిన్నది ఇక్కడే. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం పెద్దవాళ్ళకి ఒక్కో కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. 60 కిలోల మనిషికి 50 గ్రాములు. మనం "పప్పు తింటున్నాంగా" అనుకుంటాం గానీ, మన వంతుకి వచ్చే గరిటెడు పప్పులో ఉండే కందిపప్పు మహా అయితే 30 గ్రాములు, అందులో ప్రొటీన్ ఆరేడు గ్రాములు. మిగతాది నీళ్ళు, టమాటా, తాలింపు. పొద్దున 50 గ్రాముల పెసలతో పెసరట్టు వేసుకుంటే 12, పెద్ద కప్పు పెరుగుకి ఓ ఆరేడు, గుప్పెడు వేరుశెనగ గుళ్ళకి ఏడు, పొడిగా తూచిన 30 గ్రాముల మీల్‌మేకర్‌కి 15 దాకా, అన్నంలోంచి ఇంకో పది. అలా లెక్కేస్తే హాయిగా సరిపోతుంది. మాంసం తీసేసి ఆ ఖాళీని బంగాళాదుంప వేపుడుతో నింపితే మాత్రం సరిపోదు, మొదటి ఏడాది నేను చేసింది అదే, నాలుగు కిలోలు పెరిగాను కూడా.

ఆకుకూర తిన్నప్పుడు నిమ్మకాయ పిండుకోండి, ఐరన్ బాగా ఒంటబడుతుంది. భోజనం అవ్వగానే టీ తాగితే ఆ ఐరన్ సరిగ్గా ఒంటబట్టదు, గంటసేపు ఆగండి.

బీ12 మాత్రం దేనితోనూ బుకాయించలేం. మొక్కల్లో అది ఉండదు. ఇడ్లీ పిండి పులిస్తే వస్తుందని, చద్దన్నంలో ఉంటుందని చెప్పేవాళ్ళు కోకొల్లలు, వాటిని నమ్ముకోకండి. రోజుకి 2.2 మైక్రోగ్రాములు కావాలి, గ్లాసు పాలల్లో సుమారు 1 ఉంటుంది. పాలు, పెరుగు బాగా తీసుకునేవాళ్ళు కొంత నెట్టుకొస్తారు, నాలాగా పలచటి మజ్జిగతో సరిపెట్టేవాళ్ళు నెట్టుకురాలేరు. ఒంట్లో నిల్వ ఉంటుంది కాబట్టి లోటు వెంటనే బయటపడదు. నాకు మూడో ఏడు అరికాళ్ళలో సూదులు గుచ్చినట్టు తిమ్మిర్లు మొదలయ్యాయి, షుగర్ వచ్చిందేమో అని టెన్షన్ పడి పరీక్ష చేయించుకుంటే షుగర్ లేదు, బీ12 అడుగంటింది. ఇంజెక్షన్లు, తర్వాత మాత్రలు. ఏడాదికోసారి రక్త పరీక్ష చేయించుకుని, డాక్టర్ చెప్పిన మోతాదులో మాత్ర వేసుకోండి. ఈ విటమిన్‌ని తయారుచేసేది బ్యాక్టీరియా, కాబట్టి మాత్ర వేసుకుంటే నియమం తప్పినట్టు కాదు.

క్యాప్సూల్ అయితే వేరే మాట, చాలావాటి తొడుగు పశువుల ఎముకల నుంచి, చర్మం నుంచి తీసిన జెలటిన్. మాత్ర గానీ సిరప్ గానీ దొరుకుతుందా అని అడగండి. దొరక్కపోతే మింగేయండి. మందు మానేసి జ్వరంతో పడుకుంటే ఏ పశువుకీ మేలు జరగదు.

ప్యాకెట్ల మీద గుర్తులు అందరికీ తెలిసినవే, చదరంలో ఆకుపచ్చ చుక్క శాకాహారం. మాంసాహారానికి ఒకప్పుడు గోధుమరంగు చుక్క ఉండేది, రంగులు సరిగ్గా కనిపించని వాళ్ళ కోసం దాన్ని త్రికోణంగా మార్చారు. మన దేశపు నిబంధనల్లో గుడ్డు మాంసాహారం కిందే లెక్క, పాలు, తేనె కావు. మిఠాయిల మీద వెండి రేకు పశువుల పేగుల మధ్య పెట్టి కొడతారని భయపడేవాళ్ళం, 2016 నుంచి దాని తయారీలో జంతువుల నుంచి వచ్చేది ఏదీ వాడకూడదన్న నిబంధన ఉంది. విదేశాల్లో ఉండే మనవాళ్ళు ఈ ఆకుపచ్చ చుక్కని మర్చిపోయి పదార్థాల జాబితా చదవడం అలవాటు చేసుకోవాలి. అమెరికాలో మెక్‌డొనాల్డ్స్ ఫ్రైస్‌లో బీఫ్ ఫ్లేవర్ ఉందని బయటపడి శాకాహారులు కోర్టుకి వెళ్తే, 2002లో ఆ కంపెనీ కోటి డాలర్లు కట్టి రాజీ చేసుకుంది. బంగాళాదుంపే కదా అనుకోవడానికి లేదు. అసలు పార్మెజాన్ చీజ్‌లో పాలు గడ్డకట్టడానికి వేసే, దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్ ఉంటుంది, థాయ్ కూరల్లో చేప సాస్, జపాన్ సూపుల్లో చేప రసం.

ఇప్పుడు కాస్త ఇబ్బందికరమైన విషయం. మానేసిన కొత్తలో మన చేతులు శుభ్రమైపోయాయని ఒక భ్రమ ఉంటుంది. మా నాన్న దాన్ని ఒక్క మాటతో దించేశారు: "నువ్వు తినే బియ్యం కోసం మన చేలో ఎన్ని ఎలకల బుట్టలు పెట్టిస్తామో తెలుసా?" నిజమే, డెల్టాలో వరి వేస్తే ఎలకలు పట్టేవాళ్ళని పిలిపించడం మామూలే. పాల సంగతి ఇంకా పెద్దది. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ పాలు తీసేది మన దేశం, గేదె మాంసం భారీగా ఎగుమతి చేసేదీ మన దేశమే. వట్టిపోయిన గేదె, పనికిరాని దున్నదూడ ఎక్కడికి పోతాయో పాడి ఉన్న ఇంట్లో పెరిగినవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. పట్టుచీర కోసం గూట్లో పురుగుని ఉంచే వేడినీళ్ళలో వేస్తారు. పురుగు ఎగిరిపోయాక మిగిలిన గూళ్ళతో హైదరాబాద్‌కి చెందిన కుసుమ రాజయ్య అహింసా పట్టు నేయించారు, దొరికితే అది కొనుక్కోవచ్చు. నేను ఇప్పటికీ పెరుగు తింటాను. పాలు కూడా మానేసిన వాళ్ళ ముందు నా దగ్గర గట్టి జవాబు లేదు. అందుకే చేపలు తినే మా ఆవిడకి నీతులు చెప్పే అర్హత నాకు లేదనుకుంటాను.

ఇంకోటి. హైదరాబాద్‌లో టులెట్ బోర్డుల మీద "ఓన్లీ వెజిటేరియన్స్" అని చూస్తుంటాం. ఇల్లు వెతికేటప్పుడు ఒక ఓనర్ నా తిండి గురించి విని సంతోషించి, మరుక్షణం ఇంటిపేరేంటి అని అడిగాడు. ఆయనకి కావాల్సింది కూరగాయలు తినేవాడు కాదు, కులం. ఆ ఇల్లు వద్దనుకున్నాం. మనం మానేయడానికి కారణం జీవాల మీద జాలి అయితే, దాన్ని మనుషుల్ని గుమ్మం బయట ఆపడానికి వాడుకునేవాళ్ళతో కలవకండి.

చుట్టాల ప్రశ్నలకి చిన్న జవాబు దగ్గర పెట్టుకోండి. "చేప పర్లేదుగా?" "పులుసు వేసుకుని ముక్క తీసేయ్." "గురువుగారెవరైనా చెప్పారా?" అన్నిటికీ నా జవాబు "తినాలనిపించట్లేదు బాబాయ్", అక్కడితో వేరే మాట. అసలు కారణం వేరే ఉంది. ఒక ఆదివారం షాపులో నీలం డ్రమ్ములో కోడిని వేశాక లోపల రెక్కలు కొట్టుకునే చప్పుడు ఆగేదాకా చేతిలో సంచితో నిలబడ్డాను, అంతకుముందు వందసార్లు విన్న చప్పుడే, ఆ రోజు మాత్రం మనసుకి పట్టేసింది. ఎవరైనా నిజంగా తెలుసుకోవాలని అడిగితే ఇది చెప్తాను, అదీ వాళ్ళు భోంచేస్తున్నప్పుడు కాదు.

పండగలకి ఊరెళ్ళేటప్పుడు రెండు రోజుల ముందే ఫోన్ చేసి, "నాకోసం వేరే వండొద్దు, నేను వచ్చి చేసుకుంటా" అని చెప్పేయండి. సంచిలో కందిపొడి డబ్బా ఒకటి పెట్టుకోండి. కనుమ నాడు ఇల్లంతా నాటుకోడి వాసనే, కానీ కనుమ నాడు మినుము తినాలని మన పెద్దవాళ్ళే అన్నారు కాబట్టి గారెలు ఎలాగూ ఉంటాయి. పిన్ని ఇప్పుడు నా గారెల్లోకి విడిగా అల్లం పచ్చడి చేస్తోంది. గిన్నె ముందు పెట్టి, అడక్కుండానే చెప్తుంది, "రొయ్యలు వెయ్యలేదు, తిను."