పీహెచ్‌సీకి సోలార్: ముందు కాన్పుల గది, ఆ తర్వాతే మేడ

పీహెచ్‌సీకి, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి, సోలార్ అనగానే మా కుర్రాళ్ళు టేపు పట్టుకుని మేడెక్కేస్తారు. నేను మాత్రం రాత్రి డ్యూటీ స్టాఫ్ నర్సమ్మ కోసం ఆగుతాను. అర్ధరాత్రి కరెంటు పోతే ఏది ఆగకూడదో ఆవిడే చెప్పాలి. మా రంపచోడవరం ఏజెన్సీలో గాలివానకు లైను మీద చెట్టు పడిందంటే కరెంటు మర్నాటికి గానీ రాదు.

ఆవిడ చెప్పినవి కాగితం మీద రాసుకోండి. కాన్పుల గదిలో 10 వాట్ల బల్బులు నాలుగు, రాత్రంతా: దాదాపు అర యూనిట్. పసిబిడ్డను వెచ్చగా ఉంచే వార్మర్ 600 వాట్లు, రెండు గంటలు: 1.2 యూనిట్లు. గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే కాన్సంట్రేటర్ 350 వాట్లు, మూడు గంటలు: ఒక యూనిట్ పైచిలుకు. నోట్లో, ముక్కులో అడ్డుపడ్డ ద్రవాలు లాగే సక్షన్ మిషన్ లెక్క పెద్దగా ఉండదు. అంతా కలిపితే రాత్రికి 2.8 యూనిట్లు. వాట్లు మాత్రం మిషన్ వెనక రేకు మీద చూసే రాయండి, నోటిమాటగా వద్దు.

12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) ట్యూబులర్ బ్యాటరీ నిండా 1.8 యూనిట్లు పడుతుంది గానీ, సగానికి మించి వాడితే తొందరగా పోతుంది. అంటే నాలుగు కావాలి. కిలోవాట్ ప్యానెళ్ళు ఎండ రోజున నాలుగు యూనిట్లు ఇస్తాయి, ముసురు పడితే సగమూ రాదు. అందుకే 2 కిలోవాట్లు పెట్టమంటాను. ఛత్తీస్‌గఢ్‌లో సోలార్ పనులు చూసే ప్రభుత్వ సంస్థ క్రెడా వందలాది పీహెచ్‌సీలకు పెట్టింది కూడా 2 కిలోవాట్లవే.

టీకాల ఫ్రిజ్‌ని, అంటే ఐఎల్ఆర్‌ని (ఐస్ లైన్డ్ రిఫ్రిజిరేటర్), రాత్రి బ్యాటరీ మీద వేయకండి. దాని గోడల్లో మంచు పొర ఉంటుంది. రోజుకు ఎనిమిది గంటల కరెంటు అందితే 2 నుంచి 8 డిగ్రీల మధ్యే నిలుస్తుంది. పగలు ఎండ ఉండగా నడిపితే సరి. కంప్రెసర్ స్టార్టయ్యేటప్పుడు మామూలు కంటే కొన్ని రెట్లు లాగుతుంది, ఇన్వర్టర్ సైజు ఆ లెక్కన తీసుకోండి. ఫ్రిజ్ మరీ చల్లబడ్డా ముప్పే: పెంటావాలెంట్, హెపటైటిస్ బి టీకాలు గడ్డకడితే పనికిరావు. వాటిని పైన బుట్టలోనే ఉంచాలి. థర్మోస్టాట్ జోలికి మన వాళ్ళెవరూ పోకూడదు. ఉష్ణోగ్రత రెండు పూటలా రాయాలి, ఆదివారాలు కూడా.

అసలు పనల్లా వైరింగులోనే ఉంది. కాన్పుల గదికీ, ఐఎల్ఆర్‌కీ మెయిన్ బోర్డు నుంచి వేరే లైను లాగి, వేరే ఎంసీబీ (లోడు మించితే తానే ఆగే స్విచ్) పెట్టి, ప్లగ్గులకు ఎర్ర రంగు వేయండి. అన్నిటినీ ఒకే లైనులో కలిపేస్తే వారం తిరక్కుండానే ఎవరో ఒకరు వేణ్ణీళ్ళ రాడ్ పెడతారు. ఒక చోట ఓపీ గది ఏసీనే కలిపేశారు! స్టెరిలైజ్ చేసే ఆటోక్లేవ్ కూడా ఈ లైనుకు బరువే, కరెంటున్నప్పుడే నడుపుకోమనండి.

ప్యానెళ్ళు దక్షిణం వైపుకి, మా దగ్గరైతే 17 డిగ్రీల వాలులో. ఒక్క ప్యానెల్ మీద కొమ్మ నీడ పడినా దానితో కలిసిన వరసంతా నీరసపడుతుంది.

బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ ఎవరు పోస్తారో మెడికల్ ఆఫీసర్ చేత పేరు రాయించండి. నీళ్ళ డబ్బు హెచ్‌డీఎస్ (ఆసుపత్రి అభివృద్ధి సొసైటీ) నిధుల్లోంచి అని ముందే తేల్చుకోండి, నాలుగేళ్ళకో ఐదేళ్ళకో కొత్త బ్యాటరీల ఖర్చు కూడా.

బిల్లు మీద సంతకం పెట్టే ముందు, కాన్పులేవీ లేని ఒక రాత్రి మెయిన్ ఆపించి, ఎర్ర ప్లగ్గులకు వార్మర్, కాన్సంట్రేటర్ కలిపి ఒక గంట నడపండి. నర్సమ్మని దగ్గర నిలబెట్టుకుని మరీ.