విశాఖలో పోస్ట్‌పెయిడ్ కనెక్షన్: క్రెడిట్ తనిఖీ, సెక్యూరిటీ డిపాజిట్ విషయంలో ఏం చేయాలి?

ప్రీపెయిడ్ సిమ్ కొనేవారి అప్పుల చరిత్ర ఏ కంపెనీకీ అక్కర లేదు, ఎందుకంటే డబ్బు ముందే చేతికి అందుతుంది. పోస్ట్‌పెయిడ్ అలా కాదు. నెలంతా మాట్లాడి, డేటా వాడుకున్న తరువాత బిల్లు వస్తుంది కనుక, కంపెనీ మనకు ఒక నెల అరువు ఇచ్చినట్టే లెక్క. ఆ అరువు వసూలవుతుందా లేదా అని చూసుకోవడానికే క్రెడిట్ తనిఖీ. అనుమానం ఉన్నచోట సెక్యూరిటీ డిపాజిట్, అంటే హామీగా ముందే కట్టించుకుని తరువాత తిరిగి ఇచ్చే సొమ్ము. దీన్ని అందరినీ అడగరు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి మధురవాడకో గాజువాకకో తొలి ఉద్యోగానికి వచ్చి అద్దె గదిలో ఉంటున్నవారికి, పాత బకాయి ఉన్నవారికి, విదేశీ రోమింగ్ కావాలనేవారికి ఈ ప్రశ్న ఎదురయ్యే అవకాశం ఎక్కువ.

ముందుగా మీ క్రెడిట్ రిపోర్టు మీరే చూసుకోండి

దుకాణానికి వెళ్లడానికి నెల రోజుల ముందే ఈ పని చేయడం మంచిది. మన అప్పులు, వాటి చెల్లింపుల చరిత్రను నమోదు చేసే క్రెడిట్ సమాచార సంస్థలు మన దేశంలో నాలుగు ఉన్నాయి: సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హై మార్క్. రిజర్వు బ్యాంకు ఆదేశం ప్రకారం 2017 నుంచి ఇవి ఒక్కొక్కటి ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టును ఉచితంగా ఇవ్వాలి. సంస్థ వెబ్‌సైటులో పాన్ నంబరు, మొబైల్‌కు వచ్చే ఓటీపీ ఇస్తే చాలు. ఆ చరిత్రను బట్టి ఇచ్చే స్కోరు 300 నుంచి 900 వరకు ఉంటుంది. ఇంతవరకు ఏ అప్పూ తీసుకోనివారికి అంకె లేకుండా ‘ఎన్‌హెచ్’ అని, అంటే చరిత్ర లేదని, కనిపించవచ్చు. అది తప్పు కాదు, చెడ్డ పేరూ కాదు. మన రిపోర్టు మనమే చూసుకుంటే స్కోరు తగ్గిపోతుందన్న భయం చాలామందిలో ఉంది, కానీ అందులో నిజం లేదు.

స్కోరు ఒక్కటే చూసి ఊరుకోకుండా లోపలి పేజీలన్నీ చదవండి. గృహ రుణాలు, క్రెడిట్ కార్డుల మాదిరిగానే టెలికాం ఖాతాలు కూడా రిపోర్టులో విడిగా నమోదు కావచ్చు. ఈ సంగతి నేను ఆలస్యంగా తెలుసుకున్నాను. గాజువాకలో అద్దె ఇల్లు ఖాళీ చేసి ఎంవీపీ కాలనీకి మారినప్పుడు, పాత పోస్ట్‌పెయిడ్ నంబరును మూసివేయమని ఫోనులో చెప్పి ఊరుకున్నాను. చివరి బిల్లు పాత చిరునామాకు వెళ్లింది. కొన్నేళ్ల తరువాత ఇంటి రుణానికి దరఖాస్తు పెట్టినప్పుడు బ్యాంకు అధికారి రిపోర్టులో ఒక వరుస మీద వేలు పెట్టి చూపించారు: టెలికాం ఖాతా, బకాయి 412 రూపాయలు, పక్కన ‘రిటెన్ ఆఫ్’, అంటే ఇక వసూలు కాదని కంపెనీ రాసేసుకున్న బాకీ. ఆ మొత్తం కట్టి, బకాయి లేదన్న పత్రం తెచ్చుకుని, రిపోర్టు సరిచేయించుకునేసరికి రుణం రెండు నెలలు వెనక్కి పోయింది.

మీ రిపోర్టులోనూ అటువంటి వరుస కనబడితే, బకాయి నిజమైనదైతే కట్టేసి రాతపూర్వక పత్రం తీసుకోండి. తప్పయితే ఆ క్రెడిట్ సంస్థ వెబ్‌సైటులోనే ఉచితంగా వివాదం నమోదు చేయండి. 30 రోజులలో పరిష్కరించకపోతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలన్న నియమం 2024 ఏప్రిల్ నుంచి అమలులో ఉంది. అదే సమయంలో కేంద్ర టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లో మీ పేరు మీద ఎన్ని కనెక్షన్లు ఉన్నాయో కూడా చూడండి. మీకు తెలియని నంబరు ఉంటే అక్కడే ఫిర్యాదు చేయవచ్చు.

కౌంటరు దగ్గర అడగవలసినవి

ఆధార్, పాన్ వెంట తీసుకువెళ్లండి. 2024 జనవరి నుంచి కాగితపు దరఖాస్తులు పోయి డిజిటల్ కేవైసీ (గుర్తింపు తనిఖీ) వచ్చింది కనుక, మీ ఫొటో అక్కడికక్కడే తీస్తారు. ఆధార్‌లో పలాస చిరునామా ఉండి మీరు ఇసుకతోటలో ఉంటున్నట్లయితే, బిల్లు ఏ చిరునామాకు వస్తుందో స్పష్టంగా రాయించండి, ఈమెయిల్ కూడా తప్పకుండా ఇవ్వండి. నా 412 రూపాయల కథ మొదలైంది ఇక్కడే.

తరువాత క్రెడిట్ లిమిట్, అంటే అరువు మీద ఎంతవరకు వాడుకోనిస్తారో, అడగండి. ఈ పరిమితిని చందాదారుకు ముందే తెలియజేయాలని, వాడకం అందులో 80 శాతానికి చేరగానే హెచ్చరించాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2005లోనే ఆదేశించింది. డిపాజిట్ అడిగితే సంకోచించకుండా మూడు విషయాలు తేల్చుకోండి: ఎందుకు అడుగుతున్నారు, ఎప్పుడు తిరిగి ఇస్తారు, కొన్ని నెలలు బిల్లులు సక్రమంగా కట్టిన తరువాత దానిని బిల్లులో సర్దుబాటు చేస్తారా. జవాబు నోటిమాటగా కాక ఎస్సెమ్మెస్‌గానో ఈమెయిల్‌గానో రావాలని పట్టుబట్టండి.

డబ్బు కట్టేటప్పుడు కంపెనీ ఖాతాకే కట్టాలి. దుకాణంలోని కుర్రాడి సొంత యూపీఐ నంబరుకు పంపవద్దు. రశీదులో ‘రిఫండబుల్ సెక్యూరిటీ డిపాజిట్’ అనే మాట, మీ మొబైల్ నంబరు, తేదీ ఉన్నాయో లేదో అక్కడే నిలబడి చదవండి. తిరిగి ఇవ్వవలసిన డిపాజిట్‌ను జీఎస్టీ చట్టం సేవ ఖరీదుగా లెక్కించదు, దానిని బిల్లు కింద జమ వేసుకున్నప్పుడే పన్ను ప్రశ్న వస్తుంది. కాబట్టి డిపాజిట్ మీద 18 శాతం కలిపి వసూలు చేస్తే, అది నిజంగా డిపాజిట్టేనా, మరేదైనా రుసుమా అని నిలదీయండి. కౌంటరులో ఇచ్చే ఆ పల్చని నున్నటి కాగితం మీద అక్షరాలు వేడికి వెలిసిపోతాయి, విశాఖ ఉక్కపోతలో పర్సులో పెట్టుకున్న చీటీ ఒక వేసవి దాటేసరికి తెల్లగా మిగలవచ్చు. ఆ రోజే ఫొటో తీసి మీ ఈమెయిల్‌కు పంపుకోండి.

డిపాజిట్ భారమనిపిస్తే ప్రస్తుతానికి ప్రీపెయిడ్ తీసుకోవడమే నా సలహా. కొంతకాలం తరువాత నంబరు మారకుండానే ఓటీపీతో పోస్ట్‌పెయిడ్‌కు మారే వీలుంది.

మూసివేసేటప్పుడు డిపాజిట్ రాబట్టుకోవడం

మూసివేత అభ్యర్థనను రాతలో పెట్టి, దాని నంబరు తీసుకుని, బ్యాంకు ఖాతా వివరాలు ఇవ్వండి. కంపెనీ చివరి బిల్లును డిపాజిట్‌లో మినహాయించుకుని మిగిలినది ఇవ్వాలి. 2009 నాటి ట్రాయ్ సేవా ప్రమాణాలు ఇందుకు 60 రోజుల గడువు పెట్టాయి. వాటి స్థానంలో 2024లో కొత్త నిబంధనలు వచ్చాయి కనుక, ఇప్పటి గడువు ఎంతో కంపెనీనే అడగండి. పాత లెక్క ప్రకారం 60 రోజులు దాటినా డబ్బు రాకపోతే ఇక ఎదురుచూడవలసిన పని లేదు. పోర్టింగ్‌తో వేరే కంపెనీకి మారినవారు పాత డిపాజిట్‌ను మరచిపోతుంటారు, అది కూడా అడిగి తీసుకోవలసినదే. పాత బకాయి వదిలేసి మారితే మాత్రం కొత్త కంపెనీలో కూడా నంబరు నిలిచిపోయే ప్రమాదం ఉంది.

డబ్బు రాకపోతే 198కి ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించి, దానికి ఇచ్చే డాకెట్ నంబరు రాసుకోండి. పరిష్కారం నచ్చకపోతే 30 రోజులలోగా ఆ కంపెనీలోనే అప్పీళ్లు వినే అప్పిలేట్ అథారిటీకి రుసుము లేకుండా అప్పీలు చేయవచ్చు. వారు 39 రోజులలో తేల్చాలి. అక్కడా తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, ఆపైన విశాఖ జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. టెలికాం వివాదాలను వినియోగదారుల కమిషన్లు విచారించవచ్చని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో స్పష్టం చేసింది. 5 లక్షల రూపాయల లోపు కేసుకు దాఖలు రుసుము లేదు, కంపెనీ ప్రధాన కార్యాలయం ఏ ఊళ్లో ఉన్నా మీరు నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. రెండేళ్ల కాలపరిమితి దాటకుండా రశీదు ఫొటో, మూసివేత నంబరు, డాకెట్ నంబరు జతచేసి దాఖలు చేయండి.