ఆషాఢం గాలికి లైట్ స్టాండు నిలబడాలంటే

ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు కాబట్టి మన ఫోటోగ్రాఫర్లకు నెల రోజులు చేతిలో పని తక్కువ. ఆగిపోయిన ఎడిటింగులు, ఆల్బమ్ డిజైన్లు, పాత బాకీల కోసం ఫోన్లు, అంతే. హైదరాబాద్‌లో గాలి గట్టిగా వీచేది కూడా సరిగ్గా ఈ రోజుల్లోనే. శ్రావణం మొదలైతే పెళ్లిళ్లు, ప్రీ వెడ్డింగులు అన్నీ వానతో పాటే మీద పడతాయి. లెన్సులకు ఫంగస్ పట్టకుండా సిలికా జెల్ కొనేవాళ్లు చాలామందే ఉన్నారు గానీ లైట్ స్టాండు సంగతి ఎవరూ పట్టించుకోరు, నేనూ పట్టించుకోలేదు. పన్నెండు వందల స్టాండు మీద అరవై వేల లైటు పెట్టి, దాని కింద పెళ్లికూతుర్ని నిలబెడతాం.

మూడేళ్ల కిందట మే నెలలో గండిపేట వైపు ఒక ప్రీ వెడ్డింగ్ షూట్. సాయంత్రం ఆరు దాటింది, వెలుగు బ్రహ్మాండంగా ఉంది, తొమ్మిది అడుగుల స్టాండు మీద 120 సెంటీమీటర్ల ఆక్టాబాక్స్ (వెలుగును మెత్తబరిచే ఎనిమిది మూలల గుడ్డ పెట్టె, సాఫ్ట్‌బాక్స్‌లో ఒక రకం), ఒక కాలికి ఐదు కిలోల ఇసుక సంచి, పక్కన పట్టుకోవడానికి అసిస్టెంటు తమ్ముడు. అంతసేపూ ఉక్కపోతగా ఉన్నది కాస్తా ఉన్నట్టుండి చల్లగాలి తిరిగింది. హాయిగా ఉందనుకున్నాం. అమ్మాయి చున్నీ ఎగిరిపోతే తమ్ముడు దాని వెనక పరిగెత్తాడు, అంతే, ఆ పది సెకన్లలో స్టాండు బండ మీద పడింది. అబ్బాయికి చెయ్యి చాచినంత దూరం. లైటు ట్యూబు పగిలింది, మౌంటు వంకర పోయింది, స్టాండుకు మాత్రం గీత కూడా పడలేదు. తప్పు ఎవరిదంటే నాదే, ఆ చల్లగాలి ఏమిటో నాకు తెలియలేదు.

ఎండాకాలం సాయంత్రాల్లో మబ్బు ఎక్కడో దూరంగా కురుస్తుంటే దాని కింది నుంచి చల్లబడ్డ గాలి నేల మీదుగా దూసుకొస్తుంది, వాన కన్నా ముందే మన దగ్గరికి చేరుతుంది. కాబట్టి ఉక్కపోతలో ఒక్కసారిగా చల్లగాలి తగిలి మట్టి వాసన వచ్చిందంటే ఇంకో ఫ్రేము అనుకోకండి. ముందు లైటు కిందికి దించండి, తర్వాత మాట్లాడుకుందాం.

ఆ రోజు ఇంటికొచ్చి కాగితం మీద లెక్క వేసుకున్నాను. స్కూల్లో చదివిన ఫిజిక్సు అక్కరకొచ్చింది మరి. 120 సెంటీమీటర్ల ఆక్టా ముఖం వైశాల్యం ఒక చదరపు మీటరు పైచిలుకు. గంటకు 20 కి.మీ. గాలి దానికి ఎదురుగా తగిలితే ఆ తోపు సుమారు రెండున్నర కిలోల బరువుతో సమానం, ఇంతేనా అనిపిస్తుంది. గాలి వేగం రెట్టింపయితే తోపు మాత్రం నాలుగింతలు అవుతుంది, అంటే 40 కి.మీ. దగ్గర పది కిలోలు. అదీ రెండు మీటర్ల ఎత్తులో. స్టాండు కాళ్లు చూస్తే నడిమి రాడ్డు నుంచి అర మీటరు దూరమే ఉంటాయి. ఈ కొలతలతో ఆక్టా పడకుండా ఆపాలంటే, గాలి తోసే వైపుకే ఒక కాలు ఉందనుకున్నా మొత్తం బరువు 40 కిలోలు కావాలి. గాలి రెండు కాళ్ల మధ్యలోకి తోస్తే, అక్కడ ఆధారం సగం దూరమే కాబట్టి, 80 కిలోలు. నేను కట్టింది ఐదు కిలోలు!

వాతావరణ శాఖ వాళ్లు 'గంటకు 30 నుంచి 40 కి.మీ. వేగంతో ఈదురుగాలులు' అని చెప్పడం మనం వానాకాలమంతా వింటూనే ఉంటాం, ఎల్లో అలర్టే కదా అని వదిలేస్తాం. స్టాండు మీద పెద్ద సాఫ్ట్‌బాక్స్ పెట్టేవాడికి మాత్రం ఆ ఒక్క వాక్యం చాలు. ఆ రోజు ఆక్టా ఇంట్లోనే ఉండాలి. ఇసుక సంచులు ఇంకో నాలుగు కొందామనుకుంటున్నారేమో, వాటి పని 20 కి.మీ. గాలి వరకే, ఆ పైన గాలికి ఎదురుపడే గుడ్డ తగ్గించడం తప్ప దారి లేదు. మామూలు రిఫ్లెక్టర్ గిన్నె పెట్టి లైటును దగ్గరికి తెండి, లేదా తెల్ల గోడ దొరికితే వెలుగును దాని మీద పడేలా కొట్టండి, లేదంటే అసలు స్టాండే వద్దు, చిన్న లైటును కర్రకు బిగించి మనిషి చేతికివ్వండి. మనిషికి గాలి ఎటు నుంచి వస్తోందో తెలుస్తుంది, అటు ఒరుగుతాడు. స్టాండు ఒరగదు కదా. లైటుకు పెట్టే గొడుగు సంగతి అడగనే వద్దు, దాన్ని కనిపెట్టిందే గాలికి ఎగరడానికి అన్నట్టు ఉంటుంది.

కాలి దిశ గురించి పైన ఒక మాట అన్నాను గానీ అది చిన్న విషయం కాదు, ఖర్చు లేకుండా బలం రెట్టింపు చేసుకునే ఉపాయం. జూన్ నుంచి ఆగస్టు దాకా మన దగ్గర గాలి ఎక్కువగా పడమర, నైరుతి వైపు నుంచే వస్తుంది. అంటే స్టాండు కాళ్లలో ఒకటి తూర్పు, ఈశాన్యం వైపు చాచి ఉండాలి. మే నెల గాలిదుమారానికి ఈ లెక్క పనికిరాదు, అది ఏ మూల నుంచైనా వస్తుంది. లైటును బూమ్ (అడ్డంగా బిగించే పొడవాటి కడ్డీ) మీద ముందుకు వేలాడదీస్తే మాత్రం గాలితో పని లేకుండా ఆ బరువు కిందికే ఒక కాలు రావాలి, సంచి వెనక వైపు కట్టాలి.

స్టాండు తెరిచేటప్పుడు చాలామంది చేసే పొరపాటు ఇంకొకటి. కాళ్లు ఎంత వెడల్పయితే అంత మంచిదని నడిమి రాడ్డు నేలకు తగిలేదాకా కిందికి నొక్కుతారు, దాంతో బరువంతా ఆ ఒక్క రాడ్డు మీద పడి కాళ్లు గాల్లో తేలతాయి, వేలితో తోసినా పడిపోతుంది. కాళ్లను రాడ్డుకు కలిపే అడ్డ కమ్మీలు నేలకు సమానంగా అడ్డంగా వచ్చాక ఆపండి, రాడ్డు అడుగున నాలుగు వేళ్లు పట్టేంత సందు ఉండాలి. ఎత్తు పెంచాలంటే ముందు లావు పైపు తియ్యండి, సన్న పైపు చివర్లో, అవసరం అయితేనే. పొట్టిగా ఉన్న క్లయింటును చూసి కూడా అలవాటుగా తొమ్మిది అడుగులూ తీసేవాళ్లను చూశాను.

గోల్కొండ దగ్గరో, ఖాజాగూడ గుట్టల మీదో నేల సమంగా దొరకదు. సి-స్టాండు (పక్కకు చాచే చెయ్యి బిగించుకునే బరువైన స్టీలు స్టాండు) ఉంటే ఒక కాలు పైకి జరిగే రకం తీసుకోండి, మెట్ల మీద, బండల మీద అదే ప్రాణం. లేకపోతే ఎత్తు ఉన్న వైపు కాలిని అరచేతి మందం చెక్క ముక్కల మీద కాదు, నేరుగా బండ మీదే పెట్టి, మిగతా రెండు కాళ్లు సర్దుకోండి. చెక్క ముక్క తడిస్తే జారుతుంది. ఆ బండలు వానకు పాకుడు పడితే మనమే నిలబడలేం, ఇక స్టాండు నిలబడుతుందా. సి-స్టాండు చెయ్యి బిగించేటప్పుడు స్టాండు వెనక నిలబడి లైటు వైపు చూస్తే నాబ్ (బిగించే మర పిడి) మీకు కుడి వైపు ఉండేలా చూసుకోండి, లైటు బరువు కిందికి లాగుతుంటే నాబ్ ఇంకా బిగుస్తుంది. ఎడమ వైపు ఉంటే అదే బరువు నెమ్మదిగా వదులు చేస్తుంది, ఎవరూ ముట్టుకోకుండానే లైటు తల వాలుస్తుంది.

సంచుల్లో ఇసుక నింపితే వానలో తడిసి కారి, కారు డిక్కీ అంతా బురద చేస్తుంది. నేను సన్న కంకర వాడుతున్నాను, ముందు ప్లాస్టిక్ కవర్లో కట్టి, పైన కాన్వాసు. ఊరు దాటి వెళ్లేటప్పుడు బరువు మొయ్యడం ఎందుకనుకుంటే పిడి ఉన్న ఐదు లీటర్ల ఖాళీ వాటర్ క్యాన్లు తీసుకెళ్లండి. అక్కడికెళ్లి నింపితే ఐదేసి కిలోలు, పని అయ్యాక పారబోస్తే సరి. బెల్టుతో కాలికి బిగించి కట్టాలి. వేలాడుతూ ఊగే బరువు గాలికి స్టాండును ఇంకా ఊపుతుంది.

ఇప్పుడు ఈ ఖాళీ నెలలో చెయ్యాల్సిన పని. స్టాండ్లన్నీ హాల్లో తెరిచి పెట్టి (ఇంట్లోవాళ్లు తిడతారు, పర్వాలేదు) ఒక్కో నాబ్ బిగించి, పై పైపును చేత్తో కిందికి నొక్కి చూడండి. జారితే ఆ నాబ్ మరలు అరిగిపోయినట్టే. ప్లాస్టిక్ కాలర్లలో వెంట్రుక మందం పగులు ఉన్నా ఆ స్టాండును ఇక చిన్న లైటుకే వాడండి. నాబ్‌లు, బోల్టులు, రబ్బరు బూట్లు రాణిగంజ్ హార్డ్‌వేర్ షాపుల్లో సైజు చూపిస్తే దొరుకుతాయి, స్టాండు మొత్తం మార్చనక్కర్లేదు. పైన లైటు కూర్చునే పిన్ను, అదే 16 మిల్లీమీటర్లది, వదులుగా తిరుగుతోందేమో చూడండి, లైటు ఊడి పడడానికి సగం కారణం అదే. తుప్పు కనిపిస్తే సన్న ఎమరీ పేపర్‌తో రుద్ది తుడవండి, అంతేగానీ పైపులకు నూనె పుయ్యకండి. నున్నగా జారుతోందని సంతోషపడతారు, బిగించాక కూడా అలాగే జారుతుంది. ఎయిర్ కుషన్ ఉన్న స్టాండు అయితే లైటు లేకుండా పైపు వదిలి చూడండి, మెల్లగా దిగాలి, టప్పున పడితే దాని పని అయిపోయినట్టే.

ఫంక్షన్ హాల్లో గాలి ఉండదు కదా అని ధీమాగా ఉంటాం, అక్కడ పిల్లలుంటారు. శంషాబాద్, కొంపల్లి వైపు లాన్లలో అయితే ఇద్దరూ ఉంటారు, గాలీ పిల్లలూ. దానికి తోడు నీళ్లు చిమ్మే జంబో ఫ్యాన్లు. ఒకసారి టెంట్ హౌస్ అబ్బాయి భోజనాల వైపు తిప్పాల్సిన ఫ్యాను నా సాఫ్ట్‌బాక్స్ వైపు తిప్పి వెళ్లిపోయాడు. వాళ్లతో ముందే మాట్లాడి పెట్టుకోండి, 'అన్నా, ఈ మూల నాది, ఫ్యాను ఇటు తిప్పకు' అంటే వింటారు. స్టాండు కాళ్లకు తెల్ల టేపు చుట్టండి, నడిచే దారిలో పెట్టకండి, స్టేజీ అంచుకు కనీసం ఒక అడుగు లోపల పెట్టండి. కార్పెట్ కింద ఏముందో తొక్కి చూశాకే పెట్టండి, చెక్కల మధ్య సందులు ఉంటాయి. ఇక బరాత్‌లోకి స్టాండు తీసుకెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఏమీ లేదు.

కరెంటు విషయంలో మొహమాటం వద్దు. తడి లాన్‌లో ఎర్త్ లేని ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద స్టూడియో లైటు నడపడం అంటే లోహపు స్టాండును చేత్తో పట్టుకుని అదృష్టం పరీక్షించుకోవడమే. వానాకాలం పూర్తయ్యేదాకా బ్యాటరీ లైట్లే వాడండి. తప్పదంటే 30 మిల్లీ ఆంపియర్ల ట్రిప్పర్ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసేది) ఉన్న లైను నుంచే తీసుకోండి, జాయింట్లు గడ్డి మీద కాకుండా ఎత్తులో ఉంచండి. తడిసిన ఫ్లాషును ఆపేశాం కదా అని ఇంట్లో విప్పకండి, లోపలి కెపాసిటర్‌లో వందల వోల్టులు నిలిచి ఉంటాయి. పాతబస్తీ గల్లీల్లో, బోనాల సమయంలో తలపైకి చూడకుండా స్టాండు లేపకండి. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో శోభాయాత్ర రథం కరెంటు వైర్లకు తగిలి ప్రాణాలు పోయాయి. పదమూడు అడుగుల స్టాండు కూడా లోహమే.

ఉరుములు మొదలైతే చెరువు గట్టు మీద అందరికన్నా ఎత్తుగా నిలబడ్డది మీ స్టాండే. మెరుపు కనిపించాక 30 సెకన్లలోపు ఉరుము వినిపిస్తే పిడుగు పది కిలోమీటర్ల లోపే పడుతోందని అర్థం. సామాను అక్కడే వదిలేసి కార్లోకి వెళ్లండి, చెట్టు కిందికి కాదు. చివరి ఉరుము విన్నాక అరగంట ఆగాలి. పుణేలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం తయారు చేసిన దామిని యాప్ ఫోన్లో పెట్టుకుంటే చుట్టుపక్కల పిడుగులు ఎక్కడ పడుతున్నాయో చూపిస్తుంది. క్లయింటుకు కూడా ఈ సంగతి ముందే చెప్పి, ఇంకో తేదీ రాసుకోండి. అగ్రిమెంటులో ఆ ఒక్క లైను ఉంటే 'ఇంకో పది నిమిషాలు ప్లీజ్ అన్నా' దగ్గర గట్టిగా నిలబడగలుగుతాం.

చార్మినార్, గోల్కొండ లాంటి చోట్ల స్టాండు, ట్రైపాడ్ అంటే వేరే అనుమతి కావాలి, గేటు దగ్గర గొడవ పడకుండా ముందే అడిగి పెట్టుకోండి.

వానలో పని చేసి వచ్చిన రాత్రి ఎంత ఆలస్యమైనా స్టాండ్లు బ్యాగులో వదిలెయ్యకండి. అన్ని పైపులూ బయటికి లాగి, తలకిందులుగా గోడకు ఆనించి పెట్టాకే మీరు పడుకోండి. పొద్దున లేచేసరికి కింద చిన్న నీటి మడుగు కనిపిస్తుంది, అదంతా నాబ్‌ల సందుల్లోంచి పైపుల లోపలికి దిగిన వాన నీరే.