నైంటీస్ బేస్‌బాల్ ఇన్సర్ట్‌లు, ఐదో పాఠం: కవరు మీది అంకె, కార్డుల అసలు లెక్క

పోయిన పాఠంలో ఒక వాక్యం రాశాను. "ప్యాక్ కవరు వెనక 1:18, 1:800 అని అంకెలుంటాయి, రెండో అంకె ఎంత పెద్దదైతే ఆ ఇన్సర్ట్ అంత అరుదు" అని. ఇన్సర్ట్ అంటే ఆటగాళ్ల కార్డుల ప్యాక్‌లో అప్పుడప్పుడు మాత్రమే తగిలే ప్రత్యేక కార్డు. ఆ వాక్యం రాసి అక్కడితో ఆపేశాను. ఆపకుండా ఉండాల్సింది. ఆ ఒక్క వాక్యం పట్టుకుని కార్డులు కొన్నవాళ్లు, అమ్మినవాళ్లు నాకు ఫోటోలు పంపారు. డల్లాస్ నుంచి ఒకాయన తన దగ్గరున్న 1993 ఫైనెస్ట్ సెట్ రిఫ్రాక్టర్‌ని (వంచితే రంగులు విడిపోయి మెరిసే రకం కార్డు) "పద్దెనిమిది ప్యాక్‌లకి ఒకటి వచ్చేదే కదండీ" అని మార్పిడి కింద ఇచ్చేశారు. బదులుగా తీసుకున్నది 1:72 అని కవరు మీద రాసున్న పన్నెండు కార్డుల ఇన్సర్ట్ సెట్‌లోది. ఆ ఫోటో చూసి ఆ పూట నాకు అన్నం సయించలేదు. తప్పు ఆయనది కాదు, నేను సగంలో వదిలేసిన వాక్యానిది.

అందుకని ఈ వారం చెప్పాలనుకున్న జెర్సీ కార్డుల సంగతి వచ్చే పాఠానికి జరిపాను. ఇన్సర్ట్‌కీ, మామూలు కార్డునే వేరే రంగులోనో మెరుపుతోనో వేసే ప్యారలల్‌కీ తేడా విడమరిచి మళ్లీ చెప్పను, మొదటి పాఠంలో ఉంది. కార్డుని పెన్నీ స్లీవ్ అనే పల్చటి ప్లాస్టిక్ తొడుగులో వేసి, టాప్‌లోడర్ అనే గట్టి ప్లాస్టిక్ తొడుగులో పెట్టడం కూడా మీకు తెలుసు. ఈ రోజు పనంతా లెక్కే. ఎక్కాలు వస్తే చాలు.

1:18 అంటే, ఆ ఇన్సర్ట్ సెట్‌లో ఉన్న కార్డుల్లో ఏదో ఒకటి సగటున పద్దెనిమిది ప్యాక్‌లకి ఒకసారి తగులుతుందని అర్థం. మీకు కావలసిన ఆటగాడు తగులుతాడని కాదు. 1993 ఫైనెస్ట్‌లో 199 కార్డులున్నాయి, ప్రతిదానికీ ఒక రిఫ్రాక్టర్ ఉంది. అంటే ఆ రోజుల పెద్ద స్టార్ ఆటగాడు కెన్ గ్రిఫీ జూనియర్ రిఫ్రాక్టరే కావాలంటే 18ని 199తో హెచ్చవేయాలి. 3,582 ప్యాక్‌లు!

ఇప్పుడు 1997 అప్పర్ డెక్ గేమ్ జెర్సీ తీసుకోండి. బేస్‌బాల్‌లో ఆటగాడు వేసుకున్న జెర్సీ ముక్కని కార్డులో అతికించడం దాంతోనే మొదలైంది. కవరు మీద 1:800. చూడగానే గుండె ఝల్లుమంటుంది. కానీ ఆ సెట్‌లో ఉన్నది ముగ్గురే: గ్రిఫీ, టోనీ గ్విన్, రే ఒర్డోన్యెజ్. 800ని మూడుతో హెచ్చవేస్తే 2,400. అదే గ్రిఫీ, రెండు కార్డులు. 1:800 అని భయపెట్టిన కార్డు 2,400 ప్యాక్‌లకి ఒకటి, 1:18 అని చులకనగా కనబడిన కార్డు 3,582 ప్యాక్‌లకి ఒకటి.

ఇదీ మొదటి మెట్టు: ఆడ్స్ అంకెని (1:18లో 18 లాంటిది) సెట్‌లోని కార్డుల సంఖ్యతో హెచ్చవేయాలి. పోయినసారి నేను వదిలేసింది ఇదే.

రెండో మెట్టు, మొత్తం ఎన్ని ప్యాక్‌లు అచ్చయ్యాయో చూడాలి. 1993 ఫైనెస్ట్ అచ్చయింది 4,000 కేసులు. కేసుకి 12 బాక్స్‌లు, బాక్స్‌కి 18 ప్యాక్‌లు. అంటే 48,000 బాక్స్‌లు, బాక్స్‌కి ఒకటి చొప్పున 48,000 రిఫ్రాక్టర్లు. 199తో భాగించండి. 241 వస్తుంది. కార్డు షోల్లో డీలర్లు "టూ ఫార్టీ వన్" అని మంత్రంలా చదివే అంకె ఇదే. కార్డు మీద ఎక్కడా అచ్చయి ఉండదు. ఇలా భాగహారం చేస్తే వచ్చిన సగటు అది, అంతే. ఎవరైనా "నా దాని మీద 241 అని నంబర్ ఉంది" అంటే ఆ కార్డుకి దణ్ణం పెట్టి వచ్చేయండి.

ఆ ఏడాది రిఫ్రాక్టర్ వెనక "రిఫ్రాక్టర్" అన్న మాట కూడా ఉండదు. కంటితో పట్టుకోవాలి. నేను చేసే పద్ధతి: గదిలో ట్యూబ్‌లైట్ ఆర్పేసి, ఫోన్ టార్చ్ ఒక్కటే వేసి, కార్డుని అరచేతిలో పెట్టుకుని నెమ్మదిగా పక్కకి వంచుతాను. మామూలు ఫైనెస్ట్ అయితే తెల్లటి మెరుపు ఒకటి అటూ ఇటూ జారుతుంది. రిఫ్రాక్టర్ అయితే నీళ్ల మీద పడిన నూనె చుక్కలా రంగులన్నీ విడిపోయి కదులుతాయి. పక్కన తప్పకుండా ఒక మామూలు కార్డు పెట్టుకోండి. ఒక్కదాన్నే చూస్తే కన్ను మోసం చేస్తుంది. ఫోటోలో చూసి తేల్చమని నన్ను అడగకండి, ఫ్లాష్ పడితే మామూలు కార్డు కూడా హరివిల్లులా కనబడుతుంది.

ఇక నాకు ప్రాణమైన సెట్‌కి వస్తాను, 1996 సెలెక్ట్ సర్టిఫైడ్. ఎనభైల చివర, తొంభైల మొదట్లో కంపెనీలు కార్డుల్ని గుట్టలు గుట్టలుగా అచ్చేశాయి. 1994 ఆగస్టు 12న ఆటగాళ్ల సమ్మె మొదలై ఆ ఏడాది బేస్‌బాల్ ఫైనల్ పోటీ వరల్డ్ సిరీస్ కూడా జరగలేదు. కొనేవాళ్లు విసిగి వెళ్లిపోయారు. వాళ్లని వెనక్కి రప్పించడానికి కంపెనీలు నిజంగా దొరకని కార్డులు వేయాల్సి వచ్చింది. సెలెక్ట్ సర్టిఫైడ్ ఆ పోటీలో పుట్టిందే. 144 కార్డులు, ఒక్కోదానికి ఆరు ప్యారలల్స్. రెడ్ 1:5, ఆర్టిస్ట్స్ ప్రూఫ్ 1:18, బ్లూ 1:50, మిర్రర్ రెడ్ 1:100, మిర్రర్ బ్లూ 1:200, మిర్రర్ గోల్డ్ 1:300. ఒక్కో కార్డు ప్రతులు అదే వరసలో 1,800, 500, 180, 90, 45, 30.

ఈ అంకెలు నమ్మాలా వద్దా అని ఒకావిడ అడిగారు. మంచి ప్రశ్న. సరిచూసే దారి మీ చేతిలోనే ఉంది. మిర్రర్ గోల్డ్: 300 × 144 × 30. మిర్రర్ బ్లూ: 200 × 144 × 45. మిర్రర్ రెడ్: 100 × 144 × 90. కాగితం మీద వేసి చూడండి. మూడూ 12,96,000. రెడ్ 5 × 144 × 1,800, అదీ 12,96,000. బ్లూ, ఆర్టిస్ట్స్ ప్రూఫ్ కూడా అంతే. ప్యాక్‌ల మొత్తం ఒకటే కాబట్టి ఆరు దారుల్లో ఎటు నుంచి వెళ్లినా అక్కడికే చేరాలి. చేరుతున్నాయి. మొదటిసారి ఈ లెక్క కుదిరిన రాత్రి నేను నిద్రపోలేదు. ఎవరైనా వేరే అంకె చెబితే ఇందులో వేసి చూడండి, 12,96,000 రాకపోతే ఆ అంకె తప్పు.

ఈ సెట్‌లోనే మరో జాగ్రత్త. రెడ్ వేరు, మిర్రర్ రెడ్ వేరు. రెండూ ఎర్రగానే ఉంటాయి, మిర్రర్‌కి హోలోగ్రామ్ మెరుపు ఉంటుంది. అమ్మేవాళ్లు మామూలు రెడ్ పెట్టి పైన "మిర్రర్ రెడ్" అని పేరు రాస్తారు, కొందరు తెలియక, కొందరు తెలిసే. 1,800 ఎక్కడ, 90 ఎక్కడ. ఇరవై రెట్లు!

ఇప్పుడు నన్ను ఏళ్ల తరబడి వేధిస్తున్న సంగతి. దీని మీద కొంచెం ఎక్కువే రాస్తాను, ఓపిక పట్టండి.

1998 డాన్‌రస్ సెట్‌లోని సిల్వర్ ప్రెస్ ప్రూఫ్ అనే ప్యారలల్ వెనక "1 ఆఫ్ 1500" అని ఉంటుంది. మీరు పంపిన ఫోటోల్లో ఇది నాలుగుసార్లు వచ్చింది, నాలుగుసార్లూ "మొదటి నంబర్ దొరికిందండీ" అన్న సంతోషంతో. అది మొదటి నంబర్ కాదు. పదిహేను వందల ప్రతుల్లో "ఇదొకటి" అని దాని అర్థం. పదిహేను వందల కార్డుల మీదా "1 ఆఫ్ 1500" అనే ఉంటుంది. రెండోదాని మీదా అదే, ఏడు వందలోదాని మీదా అదే, ఆఖరిదాని మీదా అదే. గోల్డ్ ప్రెస్ ప్రూఫ్ అయితే 500 ప్రతులు, అక్కడా ఇదే తంతు.

సీరియల్ నంబర్ అంటే ప్రతి కార్డుకీ మారే అంకె. 1991 డాన్‌రస్ ఎలీట్‌తో బాగా పేరుకెక్కింది ఆ పద్ధతి. ఎనిమిది మంది ఆటగాళ్లకి పది వేల చొప్పున, నోలన్ రయన్ లెజెండ్ కార్డుకి 7,500, రైన్ శాండ్‌బర్గ్ సంతకం చేసినవి 5,000. వాటి మీద ఒకదానికి ఉన్న నంబర్ ఇంకోదానికి ఉండదు. తొంభైల చివరికి వచ్చేసరికి చాలా సెట్లలో ఆ అంకెని మెరిసే పల్చటి రేకుతో (ఫాయిల్) అద్దారు. దీపం పక్కనుంచి పడేలా పట్టుకుంటే అంకె కాస్త గుంటపడి, చుట్టూ ఉన్న అచ్చు మీద విడిగా కనబడుతుంది. "1 ఆఫ్ 1500" అలా ఉండదు. ఆటగాడి పుట్టినరోజు, ఎత్తు, బరువు ఏ సిరాతో ఏ మట్టంలో ఉన్నాయో ఇదీ అక్కడే, వాటితో పాటే అచ్చయి ఉంటుంది.

న్యూజెర్సీ వచ్చిన కొత్తలో ఒక హోటల్ హాల్లో జరిగిన కార్డు షోలో నాకు ఇలాంటిదే ఒకటి అమ్మారు. బల్ల అవతల మనిషి వేలితో "1" మూసి, "1500" మూసి, మళ్లీ "1" చూపించి, "నంబర్ వన్, నంబర్ వన్" అన్నాడు. ఇంటికొచ్చాక రెండు వారాలు దాన్ని రోజూ తీసి చూసుకున్నాను. తర్వాతి షోలో ఇంకో బల్ల మీద అదే ఆటగాడు, అదే కార్డు, వెనక అదే "1 ఆఫ్ 1500", ధర పదో వంతు. రెండింటినీ పక్కపక్కన పెట్టి నిలబడిపోయాను. ఆ రెండు కార్డులూ ఇప్పటికీ ఒకే టాప్‌లోడర్‌లో పెట్టుకున్నాను, కొత్తగా మొదలుపెట్టినవాళ్లు ఇంటికొస్తే ముందు అవే చూపిస్తాను. మీరూ చేయాల్సింది ఒక్కటే: "ఆఫ్" కనబడితే, అదే కార్డు ఇంకో ప్రతి ఫోటో వెతికి, అంకె మారుతోందా లేదా చూసి, అప్పుడు డబ్బు మాట ఎత్తండి. అంకె మారకపోతే అది సీరియల్ నంబర్ కాదు.

1997 ఫ్లేర్ షోకేస్ సెట్‌లోని మాస్టర్‌పీస్ అనే ప్యారలల్ దగ్గర మళ్లీ వేరు. అది నిజంగానే ఒక్కటే ప్రతి. కానీ ఆ సెట్‌లో ఒక్కో ఆటగాడికి రో 2, రో 1, రో 0 అని మూడు కార్డులుంటాయి, మూడింటికీ మాస్టర్‌పీస్ ఉంది. అదే సెట్‌లోని ఇంకో ప్యారలల్, లెగసీ కలెక్షన్ కూడా అంతే. కార్డు మీద 100 అని ఉంటే ఆ ఆటగాడి లెగసీలు మొత్తం 300.

రేకు మాట వచ్చింది కాబట్టి ఇంకొక్కటి. 1993 స్టేడియం క్లబ్ సెట్‌లో "ఫస్ట్ డే ఇష్యూ" అనే రేకు ముద్రని అనామక ఆటగాడి కార్డు నుంచి లేపి స్టార్ కార్డు మీద అద్దిన సందర్భాలున్నాయి. ముద్ర అంచులు చూడకుండా కొనకండి.

నా వరకు నేను నంబర్ అద్దిన కార్డుల కంటే అద్దనివాటినే ఇష్టపడతాను. నంబర్ ఉంటే అందరూ చదివేస్తారు, ధర అప్పుడే పెరిగిపోతుంది. నంబర్ లేనివాటికి లెక్క వేసుకున్నవాడికే విలువ తెలుస్తుంది. ఆటగాళ్లలో గ్రిఫీ జోలికి పోను, గ్విన్ దగ్గర ఆగిపోతాను. అదే మిర్రర్ బ్లూ, అవే నలభై అయిదు ప్రతులు, గ్రిఫీకి పెట్టే డబ్బులో చిన్న ముక్కకే వస్తుంది.

అభ్యాసం. ఈసారి గట్టిగానే ఇస్తున్నాను.

1994 ఎస్‌పీ హోలోవ్యూస్‌లో 38 కార్డులు. బ్లూ 1:5, రెడ్ డై-కట్ (అంచుని ఆకారంగా కత్తిరించినది) 1:75. ఒక్కో ఆటగాడి కార్డు ఒక్కో రంగులో ఎన్ని ప్యాక్‌లకి ఒకటో తేల్చండి. బ్లూ కార్డులు రెడ్ కార్డులకి ఎన్ని రెట్లో చెప్పండి. తర్వాత, ఈ అంకెలతోనే బ్లూ ఎన్ని ప్రతులున్నాయో చెప్పగలమా? చెప్పలేకపోతే ఏ అంకె కావాలి?

రెండోది, 1998 ఇ-ఎక్స్ 2001. వంద కార్డులు. వాటికి ఎసెన్షియల్ క్రెడెన్షియల్స్ అనే ప్యారలల్స్ రెండు, నౌ, ఫ్యూచర్ అని. నౌలో కార్డు నంబర్ ఎంతో ప్రతులూ అన్నే: 7వ కార్డుకి ఏడు, 60వ దానికి అరవై. ఫ్యూచర్‌లో తిరగబడుతుంది: 1వ కార్డుకి వంద, 100వ దానికి ఒకటి. నోట్‌బుక్‌లో మూడు గడులు గీసి వంద వరసలూ చేత్తో రాయండి, కంప్యూటర్‌లో వద్దు. రాస్తున్నప్పుడే మూడు సంగతులు కనబడాలి: నౌ, ఫ్యూచర్ కలిపితే ప్రతి వరసలో ఎంత వస్తోంది, రెండూ దాదాపు సమానంగా ఉన్న కార్డులు ఏవి, మీకిష్టమైన ఆటగాడి నంబర్ దగ్గర రెండింట్లో ఏది దొరకడం కష్టం.

జవాబులతో పాటు మీ కార్డుల ఫోటోలు పంపేటప్పుడు వెనక వైపు కూడా తీయండి, దీపం పక్కనుంచి పడేలా. పోయినసారి వచ్చినవాటిలో సగానికి పైగా ముందు వైపు మాత్రమే ఉన్నాయి.