సెస్నా 172 ఫ్యూయల్ సెండర్ లీకు: స్క్రూ బిగించే ముందు విప్పి చూడండి

పాత సెస్నా 172 విమానం తలుపు తీయగానే పెట్రోలు వాసన కొట్టినా, తలుపు పైనున్న ట్రిమ్ (లోపలి తొడుగు) మీద నీలం మరక (విమాన పెట్రోలు రంగు) కనిపించినా ముందు ఫ్యూయల్ సెండర్‌ను, అంటే ట్యాంకులో ఇంధన మట్టాన్ని గేజ్‌కు తెలిపే పరికరాన్ని, అనుమానించాలి. ప్యానెల్ మీద ముల్లు తిరిగే గేజ్‌లోకి ఇంధనం రాదు, వైరు ఒక్కటే వస్తుంది. లీకయ్యేది రెక్క మొదట్లో, ట్యాంకు పక్కగోడకు బిగించిన సెండర్ దగ్గర. ఫ్లోటు ఉన్న చేయి ట్యాంకు లోపల ఉంటుంది, వైరు తగిలించే స్టడ్ బయట ఉంటుంది. ఈ రెంటికీ మధ్య ఇంధనాన్ని ఆపేది ముఖ్యంగా ఒక పల్చటి గ్యాస్కెట్.

తడి కనిపించగానే చాలామంది స్క్రూలను ఇంకో పావు చుట్టు తిప్పుతారు. దయచేసి ఆ పని చేయకండి. గట్టిపడిపోయిన కార్కు గ్యాస్కెట్ బిగిస్తే సాగదు, పగులుతుంది. అంతకంటే పెద్ద నష్టం సెండర్ ఫ్లాంజ్‌కు (ట్యాంకుకు ఆనే రేకు అంచుకు) జరుగుతుంది. రేకు ప్రతి స్క్రూ దగ్గరా లోపలికి గుంటపడి, రెండు స్క్రూల మధ్య పైకి లేస్తుంది. ఆ తర్వాత ఎంత కొత్త గ్యాస్కెట్ వేసినా ఆ లేచిన చోటు నుంచే కారుతుంది. కొత్త గ్యాస్కెట్ వేశాక కూడా మళ్లీ కారుతోందంటే చాలాసార్లు కారణం ఇదే.

ఈ పని ఎవరు చేయాలో కూడా చెప్పుకోవాలి. మన దేశంలో లైసెన్స్ ఉన్న ఏఎంఈ (విమాన నిర్వహణ ఇంజినీరు) చేసి సంతకం పెట్టాలి. అమెరికాలో యజమాని తనంతట తాను చేసుకోదగ్గ పనుల జాబితాలో ఇది లేదు, ఏ అండ్ పీ (ఎయిర్‌ఫ్రేమ్ అండ్ పవర్‌ప్లాంట్) లైసెన్స్ ఉన్న మెకానిక్ పర్యవేక్షణ ఉండాలి. చేతిలో మీ మోడల్ సర్వీస్ మాన్యువల్, పార్ట్స్ క్యాటలాగ్ లేకుండా మొదలుపెట్టవద్దు.

ముందు లీకు ఎక్కడిదో తేల్చుకోండి. రెక్క మొదట్లో ఇంధనం గొట్టాల రబ్బరు జాయింట్లు ఉంటాయి, రెండు ట్యాంకులనూ కలిపే వెంట్ గొట్టం జాయింట్లూ ఉంటాయి. అవి ఎండిపోయినా ఇదే వాసన, ఇదే మరక. ట్రిమ్ తీసి, మొత్తం తుడిచి ఆరనిచ్చి, సెండర్ చుట్టూ సుద్దపొడి పల్చగా చల్లండి. ట్యాంకు నిండుగా నింపి రాత్రంతా వదిలేయండి. తెల్లారి టార్చ్ వేసి దగ్గరగా చూస్తే జవాబు దొరుకుతుంది. గ్యాస్కెట్ కింది అంచు వెంబడి నీలం గీత ఉంటే తప్పు గ్యాస్కెట్‌ది. ఒక్క స్క్రూ తల కింద నెలవంకలా మరక ఉంటే ఆ స్క్రూ మరలోంచి వస్తోంది. నడిమధ్య స్టడ్ చుట్టూ ఉంగరంలా తడి ఉంటే స్టడ్ ఇన్సులేటర్ పోయింది. ఈ మూడోదానికి పైన ఏం పూసినా లాభం లేదు, సెండర్ మార్చాలి లేదా ఓవర్‌హాల్‌కు పంపాలి. నిండుగా ఉన్నప్పుడే కారి, కొంత ఎగిరాక ఆగిపోతే సరిచేయకుండా వదిలేయవద్దు. మట్టం లీకున్న చోటి కంటే కిందికి దిగింది, అంతే.

ఇక విప్పడం. విమానాన్ని హ్యాంగర్ బయటికి తెచ్చి, బ్యాటరీ నెగటివ్ తీసేసి, ఎర్తింగ్ వైరు తగిలించి, ఇంధనాన్ని బాండింగ్ చేసిన (విమానంతో వైరుతో కలిపిన) లోహపు డబ్బాల్లోకి దించండి. ప్లాస్టిక్ బకెట్ వద్దు, స్టాటిక్ నిప్పురవ్వ ఒక్కటి చాలు. రెండు ట్యాంకులూ కలిపి 42 గ్యాలన్లు పట్టే మోడల్‌లో ఒక్కో ట్యాంకు సుమారు 80 లీటర్లు. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, నేలబారున పాకుతుంది. అందుకే అగ్నిమాపక సాధనం చేతికందే దూరంలో ఉండాలి, డ్రిల్లు, హీటర్ దరిదాపుల్లో ఉండకూడదు.

వైర్లకు చీటీలు కట్టండి. ఒకటి స్టడ్‌కు వెళ్లే సిగ్నల్ వైరు, ఇంకొకటి ఫ్లాంజ్ స్క్రూ కింద ఉండే గ్రౌండ్. స్క్రూలు తీశాక సెండర్‌ను నేరుగా లాగవద్దు. చేయి రంధ్రంలోంచి వచ్చేలా మెల్లగా తిప్పుతూ తీయాలి. చేయి కొద్దిగా వంగినా గేజ్ అబద్ధం చెబుతుంది. ఫ్లోటును చెవి దగ్గర ఊపి చూడండి, లోపల చప్పుడైతే అందులోకి ఇంధనం దిగినట్టే, మార్చేయండి.

ట్యాంకు ముఖం మీది పాత కార్కును ప్లాస్టిక్ గీకుడుబద్దతో తీయాలి. ఉక్కు బ్లేడు అల్యూమినియం మీద వేసే గీత కొత్త లీకుకు దారి. రంధ్రంలో గుడ్డ కుక్కితే దానికి దారం కట్టి బయట వేలాడనివ్వండి. సెండర్ ఫ్లాంజ్ మీద స్టీలు స్కేలు నిలబెట్టి వెనక టార్చ్ వెలిగించండి. ఎక్కడ వెలుతురు కనిపిస్తే అక్కడ వంకర. చదునైన దిమ్మ మీద పెట్టి సరిచేయండి, కాకపోతే మార్చండి.

గ్యాస్కెట్ క్యాటలాగ్‌లో ఉన్నదే వాడండి. చాలా ట్యాంకుల్లో స్క్రూ రంధ్రాలు లోపలికి తెరుచుకుని ఉంటాయి కాబట్టి స్క్రూ తలల కింద సీలింగ్ వాషర్లూ కొత్తవే కావాలి. స్క్రూ పొడవు పాతదానితో పోల్చి చూడండి. రంధ్రం మూసి ఉన్న రకమైతే పొడుగు స్క్రూ అడుగుకు తగిలి ఆగుతుంది. చేతికి బిగిసినట్టే ఉంటుంది, గ్యాస్కెట్ మాత్రం వదులుగానే మిగులుతుంది.

సిలికాన్ ఆర్‌టీవీ (గది వేడికే గట్టిపడే సిలికాన్ సీలెంట్) జోలికి వెళ్లకండి. పెట్రోలులో అది ఉబ్బి ఊడుతుంది, ఆ ముక్కలు ఫ్యూయల్ స్ట్రైనర్ (ఇంధన వడపోత) దాకా వెళ్తాయి. మాన్యువల్ సీలెంట్ అడిగితే ఇంధనానికి తట్టుకునే పాలీసల్ఫైడ్ వాడండి. కంపెనీ చెప్పిన పాళ్లలో, చిన్న తూకంతో తూచి కలపండి, కంటి అంచనా పనికిరాదు. బీ-2 రకానికి డబ్బా మీద రాసే రెండు గంటల పని సమయం మామూలు గది వేడికి లెక్క. మే నెలలో విజయవాడ, హైదరాబాద్ హ్యాంగర్లలో అంత సమయం దొరకదు, పొద్దున్నే కలుపుకోండి. గ్రౌండ్ వైరు తగిలే స్క్రూ దగ్గర లోహం లోహాన్ని తాకాలి, అక్కడ సీలెంట్ పాకితే గేజ్ తప్పు చూపిస్తుంది.

స్క్రూలన్నీ వేళ్లతో పట్టించాక, ఎదురెదురుగా దాటుకుంటూ మూడు విడతల్లో మాన్యువల్ చెప్పిన టార్క్‌కు (బిగింపు కొలతకు) తేవాలి. గ్యాస్కెట్ అంచు అంతటా ఒకే మోతాదులో నొక్కుకోవాలి, ఎక్కడా బయటికి పిండినట్టు ఉండకూడదు.

సీలెంట్ ఆరాకే ఇంధనం. 42లో 38 గ్యాలన్లు వాడుకోదగ్గ మోడల్‌కు ఒక్కో ట్యాంకులో 2 గ్యాలన్లు, అంటే 7.6 లీటర్లు పోయండి. టైప్ సర్టిఫికెట్ డేటా షీట్‌లో (ఆ విమాన రకానికి ఆమోదించిన వివరాల పత్రంలో) చెప్పిన చోట లెవెల్ పెట్టి విమానాన్ని ఎగిరే భంగిమకు తెస్తే ముల్లు సున్నా దగ్గర నిలవాలి. వాడుకోలేని ఇంధనం మిగిలినప్పుడు గేజ్ సున్నా చూపాలన్నది నిబంధన. తర్వాత 5 గ్యాలన్ల చొప్పున పోస్తూ ప్రతిసారీ గేజ్, డిప్‌స్టిక్ రెండూ రాసుకోండి. ట్యాంకు నిండాక మళ్లీ సుద్దపొడి చల్లి, ట్రిమ్ బిగించకుండా మరో రాత్రి ఉంచండి. పొడి తెల్లగానే ఉంటే పార్ట్ నంబర్లు, గేజ్ అంకెలు లాగ్‌బుక్‌లో రాసి ట్రిమ్ మూయవచ్చు.