వర్చువల్ మెషీన్లకు నెట్‌వర్క్ – 4వ పాఠం: రెండింటికీ ఒకే అడ్రస్సా?

పోయిన పాఠంలో వర్చువల్‌బాక్స్‌లో (ఒకే కంప్యూటర్ లోపల ఇంకొన్ని కంప్యూటర్లను నడిపే సాఫ్ట్‌వేర్) రెండు ఉబుంటు సర్వర్ మెషీన్లు తయారు చేసుకున్నాం. ఒకదానికి ‘వెబ్’ అనీ, రెండోదానికి ‘డేటా’ అనీ పేర్లు పెట్టాం. రెండింటిలోనూ ఇంటర్నెట్ వస్తోంది. ఇప్పుడు వెబ్ నుంచి డేటాకు పింగ్ కొట్టాలి, అంటే ‘ఉన్నావా?’ అని చిన్న సందేశం పంపి జవాబు వస్తుందో లేదో చూడాలి. ముందు రెండింటిలోనూ ‘ఐపీ ఏ’ (ip a) కమాండ్ ఇచ్చి అడ్రస్ చూడండి.

వెబ్‌లో 10.0.2.15. డేటాలోనూ 10.0.2.15.

మీరేమీ తప్పు చేయలేదు. కొత్త మెషీన్ పెట్టినప్పుడు వర్చువల్‌బాక్స్ దాని నెట్‌వర్క్ కార్డును తనంతట తానే ‘న్యాట్’ (NAT) అనే పద్ధతికి తగిలిస్తుంది. ఈ పద్ధతిలో ప్రతి మెషీన్‌కూ సొంత రూటర్ ఉంటుంది. రూటర్ అడ్రస్ 10.0.2.2, డీఎన్ఎస్‌ది (వెబ్‌సైట్ పేర్లకు అడ్రస్‌లు చెప్పేది) 10.0.2.3, మెషీన్‌ది 10.0.2.15. ఎన్ని మెషీన్లు పెట్టినా ఇవే అంకెలు, ఎందుకంటే ఒకదాని రూటర్‌కు ఇంకొకటి ఉన్నట్టే తెలియదు. బయటికి వెళ్లే దారి ఉంది, పక్కింటికి వెళ్లే దారి లేదు.

ఇందులో ఒక తిరకాసు ఉంది. వెబ్ నుంచి 10.0.2.15కు పింగ్ కొడితే చక్కగా జవాబు వస్తుంది! ఆ జవాబిచ్చేది డేటా కాదు, వెబ్బే. మొదటిసారి నేను ఆ జవాబు చూసి దారి పడిందనుకున్నాను. డేటాబేస్ ఎందుకు కనెక్ట్ కావట్లేదో తెలియక ఓ పూటంతా పాస్‌వర్డులు మారుస్తూ కూర్చున్నాను.

రెండింటినీ కలపాలంటే ‘న్యాట్ నెట్‌వర్క్’ కావాలి. పేరు దగ్గరగా ఉన్నా పని వేరు: రూటర్ ఒక్కటే, దాని కింద అందరూ ఉంటారు. వర్చువల్‌బాక్స్ 7.0లో ఫైల్ మెనూలో టూల్స్, అందులో నెట్‌వర్క్ మేనేజర్ తెరవండి. న్యాట్ నెట్‌వర్క్స్ ట్యాబ్‌లో క్రియేట్ నొక్కండి. ఐపీవీ4 ప్రిఫిక్స్ దగ్గర 10.10.10.0/24 అని ఇవ్వండి, అంటే ఇక్కడి అడ్రస్‌లన్నీ 10.10.10తో మొదలవుతాయి. అక్కడ ముందే ఉన్న అంకెలు వాడినా నడుస్తుంది, కానీ మార్చడమే నయం. రేపు ఎక్కడైనా 10.10.10 కనిపిస్తే అది ఏ నెట్‌వర్కో చూడగానే తెలిసిపోతుంది. మీ అసలు రూటర్ ఇచ్చే అంకెలు మాత్రం ఇక్కడ వాడొద్దు. డీహెచ్‌సీపీ (మెషీన్లకు అడ్రస్‌లు పంచే సేవ) టిక్ పెట్టి, అప్లై చేయండి.

తర్వాత రెండు మెషీన్లనూ ఆపి, ఒక్కోదాని సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్‌కు వెళ్లి, ‘అటాచ్డ్ టు’ దగ్గర న్యాట్ నెట్‌వర్క్ ఎంచుకుని, ఇప్పుడు చేసినదాని పేరు ఇవ్వండి. మళ్లీ ఆన్ చేసి ‘ఐపీ ఏ’ కొట్టండి. రెండు వేర్వేరు అడ్రస్‌లు కనిపించాలి.

కనిపించలేదా? అయితే డేటాను వెబ్ నుంచి క్లోన్ (నకలు) చేసి ఉంటారు. క్లోన్ చేసేటప్పుడు అన్ని కార్డులకూ కొత్త మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్య) ఇమ్మనే ఆప్షన్ ఎంచుకోకపోతే కవలలు పుడతారు. డీహెచ్‌సీపీకి ఇద్దరూ ఒక్కరే. మ్యాక్ మార్చినా ఉబుంటు సర్వర్‌లో ఇంకో మెలిక ఉంది: అది అడ్రస్ అడిగేటప్పుడు మ్యాక్ బదులు, మెషీన్-ఐడీ నుంచి తయారైన గుర్తింపు చెబుతుంది. క్లోన్‌లో ఆ ఐడీ కూడా కాపీ అయిపోతుంది. ఈటీసీ ఫోల్డర్‌లో మెషీన్-ఐడీ (/etc/machine-id) అనే ఫైల్ ఉంటుంది. దాన్ని డిలీట్ చేయకుండా, లోపలి అక్షరాలు మాత్రం ఖాళీ చేసి రీస్టార్ట్ చేయండి. కొత్త ఐడీ దానంతటదే పడుతుంది.

మిగతా పద్ధతులు క్లుప్తంగా. ‘ఇంటర్నల్’లో మెషీన్లు తమలో తాము మాట్లాడుకుంటాయి, మీ కంప్యూటర్‌కు కూడా వినపడదు. ‘హోస్ట్-ఓన్లీ’లో మీ కంప్యూటర్ కూడా కలుస్తుంది, ఇంటర్నెట్ మాత్రం ఉండదు. ‘బ్రిడ్జ్‌డ్’లో మెషీన్ నేరుగా మీ అసలు నెట్‌వర్క్‌లోకే వెళ్లి, రూటర్ దగ్గర సొంతంగా అడ్రస్ తెచ్చుకుంటుంది. వైఫై మీద బ్రిడ్జ్‌డ్ ఒక్కోసారి మొండికేస్తుంది, వీలుంటే కేబుల్ మీదే చేయండి.

ఈసారి అభ్యాసం: వెబ్ నుంచి డేటాకు పింగ్ నడుస్తుండగానే డేటా నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ‘కేబుల్ కనెక్టెడ్’ టిక్ తీసేయండి. డేటాలో ‘ఐపీ ఏ’ కొడితే కార్డు పక్కన ‘నో-క్యారియర్’ అని వస్తుంది. టిక్ తిరిగి పెట్టాక, మీ సొంత కంప్యూటర్ నుంచి డేటా అడ్రస్‌కు పింగ్ కొట్టి చూడండి. జవాబు రాదు. న్యాట్ నెట్‌వర్క్‌లోకి బయటి నుంచి వెళ్లాలంటే పోర్ట్ ఫార్వర్డింగ్ కావాలి, అంటే మీ కంప్యూటర్‌లోని ఒక పోర్టుకు (తలుపు లాంటిది) వచ్చినదాన్ని లోపలి మెషీన్ పోర్టుకు పంపే ఏర్పాటు. 5వ పాఠంలో మన కంప్యూటర్ 2222 పోర్టును డేటాలోని 22కు కలిపి, ఎస్ఎస్‌హెచ్‌తో (దూరం నుంచి సురక్షితంగా లాగిన్ అయ్యే పద్ధతి) లోపలికి వెళ్దాం.